కాల్చి చూసిన తుపాకి

బూరుగుమెట్టలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ఊరంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునేది. అదే మాట అప్పలకొండ ఇంట్లో అడిగారనుకోండి, నలుగురికి నలుగురూ ఒకేసారి చెయ్యెత్తేవారు.

"మాటంటే మాటే! ఎదటివాడు ఏటన్నాడో అదే చెయ్యాలి. దానికి తోకలూ తొండాలూ తగిలించేవాడే వెర్రివాడు" అని అప్పలకొండ మీసం దువ్వేవాడు. పక్కనే అతని భార్య సూరమ్మ "అవునవును" అని తలూపేది. తమ్ముడు పోలయ్య అన్న చెప్పిన మాటే ఇంకోసారి చెప్పేవాడు, అదేదో తనకే తట్టినట్టు.

ఎంత తెలివంటే, ఒకసారి పొరుగింటావిడ పెళ్ళికి పోతూ "మా ఇంటిమీద ఓ కన్నేసి ఉంచు పోలయ్యా" అంది. అంతే! పోలయ్య ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండో కన్నుతో ఆ ఇంటికేసి పొద్దస్తమానం చూస్తూ కూర్చున్నాడు. మూసిన కన్ను వైపు నుంచి మేకలొచ్చి ఆనపపాదు మొత్తం నమిలేశాయి. పెళ్ళి నుంచి వచ్చి ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, "రెండో కన్ను కూడా వెయ్యమని నువ్వు చెప్పలేదు కదమ్మా" అన్నాడు పోలయ్య. చూశావా మా తమ్ముడి తెలివి అని అప్పలకొండ ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఇంకేం చెప్పను! నాలాంటిదైతే ఇంట్లోంచి బయటికి రాదు.

ఆ ఇంట్లో నాలుగో మనిషి రాజులమ్మ, అప్పలకొండ కూతురు. ఇరవయ్యేళ్ళ పిల్ల. బుర్ర ఆ ఇంటి బుర్రే గానీ, చెయ్యి మాత్రం దేవుడు తీరిగ్గా చేసి పెట్టాడు. వడిసెలలో రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలిందంటే, ఏ కొమ్మన ఏ కాయ రాలగొట్టమంటే ఆ కాయే రాలేది. పక్క కాయ కదిలేది కాదు.

వాళ్ళకున్నదల్లా కొండ కింద ఒక్క చేను. ఆ ఏడు చిలగడదుంప వేశారు. దుంప ఊరడం మొదలెట్టగానే కొండమీంచి అడవి పందులు దిగాయి. రోజూ పొద్దు వాలే వేళకి దిగడం, ముట్టెతో మన్ను పెళ్ళగించడం, కరకరా నమిలి పోవడం. రాజులమ్మ వడిసెలతో రాళ్ళు విసిరింది. ఒక్కటీ గురి తప్పలేదు. అయితే ఏం లాభం, అడవి పందికి రాయి తగిలితే వీపు గోకినట్టుంటుంది. ఇంకో పక్క కూడా తిప్పి చూపించేవి.

ఇది చూసి ఇటుక బట్టీ మేస్త్రి భూషణం గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. ఎర్ర చొక్కా, ఆ చొక్కా పట్టనంత పొట్ట. "చేను పందుల పాలు, మీరేమో పస్తుల పాలు. పిల్లని నా వెంట బట్టీకి పంపించు అప్పలకొండా. ఇటుకలు మోసుకుంటే మూడు పూటలా తిండి" అన్నాడు.

అప్పలకొండ బాగా ఆలోచించాడు. ఆలోచించినప్పుడల్లా ఏదో ఒకటి అయ్యేది ఆ ఇంట్లో.

"దుంపలు ఇంటికొస్తే పంపను. రాకపోతే పంపుతాను. మాటంటే మాటే" అన్నాడు.

"మాటంటే మాటే" అన్నాడు పోలయ్య.

రాజులమ్మకి ముద్ద దిగలేదు. పుట్టి బుద్ధెరిగి ఆ కొండ చూడకుండా ఒక్క రోజూ గడపని పిల్ల. "అమ్మా, ఇటుకలు పెట్టుకుని నేనేటి చేసుకుంటాను? దుంపలు ఇంటికి రావాలే అమ్మా, ఎలాగైనా రావాలి" అని తల్లి ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. సూరమ్మా ఏడ్చింది. పోలయ్య కూడా ఏడ్చాడు గానీ, ఒక్క కన్నుతోనా రెండు కళ్ళతోనా అన్నది నాకు తెలీదు.

మర్నాడు నాయుడు తాత కబురెట్టాడు. ఊరికి పెద్ద, మంచివాడు. చేసిన పాపమల్లా ఈ ఇంటికి సలహా చెప్పడం. "పిల్లకి గురి ఉంది. వడిసెల వల్ల కాదు గానీ, ఓ తుపాకి కొనిపెట్టండి. కోటసంతలో గఫూరు సాయిబు దగ్గర మంచివి దొరుకుతాయి. మొదటి తుపాకి కదా, అందం చూసి మోజు పడకండి. బరువెక్కువదీ, వెనక్కి గట్టిగా తన్నేదీ పిల్లకి వద్దు. మీకు తెలీకపోతే చెయ్యి తిరిగినవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకు పొండి" అన్నాడు.

తుపాకి అనగానే రాజులమ్మ ముఖం వెలిగిపోయింది. మిగతా ముగ్గురూ మాత్రం ఇంటికొచ్చి దిగాలుగా కూర్చున్నారు.

"చెయ్యి తిరిగినవాడు కావాలంట. మన ఊళ్ళో ఎవడికుంది?" అన్నాడు అప్పలకొండ.

"అందరివీ తిన్నగానే ఉన్నాయి. మొన్న సంతలో చూశాను" అంది సూరమ్మ.

అప్పలకొండ మళ్ళీ ఆలోచించాడు. "ఒరే పోలయ్యా, చెయ్యి ఇలగ తే" అన్నాడు.

తెచ్చాడు పాపం. అప్పలకొండ ఆ చెయ్యి పట్టుకుని తిప్పాడు. పోలయ్య "ఓలమ్మో" అన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. "ఓలమ్మోయ్, ఓరి నాయనోయ్" అన్నాడు. లోపల ఏదో టక్కుమంది. అంతే, అరచెయ్యి వెనక్కి తిరిగిపోయింది. "తిరిగింది! తిరిగింది!" అని సూరమ్మ చప్పట్లు కొట్టింది. చేతికి గుడ్డ కట్టి, మర్నాడు పొద్దున్నే తుపాకి ఖరీదు కింద ఇవ్వడానికి తేనె డబ్బా ఒకటి చంకన పెట్టుకుని, చెయ్యి తిరిగిన పోలయ్యని ముందు నడిపించుకుంటూ నలుగురూ కోటసంతకి పోయారు.

గఫూరు సాయిబు నలభై ఏళ్ళుగా తుపాకులు బాగుచేస్తున్న మనిషి. మాట కరుకు, మనసు మెత్తన. వీళ్ళని చూసి "ఏం కావాలి?" అన్నాడు.

"మా పిల్లకి మొదటి తుపాకి కావాలి సాయిబు గారూ. ఏరడానికి చెయ్యి తిరిగినవాణ్ణి తెచ్చాం" అని తమ్ముణ్ణి ముందుకి తోశాడు అప్పలకొండ.

సాయిబు లేచి నిలబడ్డాడు. "రండి రండి, కూర్చోండి! ఇంతవరకూ ఎన్నింటిని పడగొట్టారు?"

"నేనెవర్నీ పడగొట్టలేదు బాబూ. నిన్న మా అన్నే నన్ను పడగొట్టి తిప్పాడు" అన్నాడు పోలయ్య.

సాయిబుకి ఏమీ అర్థం కాలేదు. బేరానికి వచ్చినవాళ్ళు కదా అని రెండు తుపాకులు తీసి పరిచాడు. ఒకటి జోడు గొట్టాలది, వెండి పువ్వులు చెక్కి నిగనిగలాడుతోంది. రెండోది ఒంటి గొట్టం, చిన్నది, నల్లగా సాదాగా ఉంది. రాజులమ్మ వెండి పువ్వుల వైపు చూడనన్నా చూడలేదు. చిన్నదాన్ని ఎత్తి భుజానికి ఆనించుకుంది. చెంప దానిమీద ఒదిగింది. ఎవరూ నేర్పలేదు, దానంతట అదే కుదిరింది. "ఇదే అయ్యా. ఇదే నాది" అంది.

"ఉండవే గుంటా, పెద్దోళ్ళం చూడొద్దా?" అని అప్పలకొండ గసిరాడు. "సాయిబు గారూ, దీని సంగతేటో చెప్పండి."

సాయిబు వేలు పెట్టి చూపించాడు. "ఇది నోరు. ఇది చెవి. భుజానికి ఆనించే ఈ చెక్క మడమ. ఇదిగో, వేలితో వెనక్కి లాగే ఈ ఇనప ముక్క గుర్రం."

నలుగురూ నోళ్ళు తెరుచుకు చూశారు.

"నోరుంది, చెవుంది, మడమ కూడా ఉంది" అని లెక్కపెట్టుకున్నాడు అప్పలకొండ. "మరి తిండేటి తింటాది?"

"తిండేమిటి? మందు తింటుంది."

"అయ్యో పాపం, ఒంట్లో బాగోదా?" అంది సూరమ్మ.

"గుర్రం మరీ ఇంత చిన్నదయిపోయిందేటి? సరిగ్గా మేపినట్టు లేరు" అని పోలయ్య బయటికి పోయి, తిన్నగా ఉన్న చేత్తో నాలుగు గడ్డి పరకలు పీక్కొచ్చి గుర్రం ముందు పెట్టాడు.

సాయిబు గడ్డి కేసి చూశాడు, పోలయ్య కేసి చూశాడు, పైకప్పు కేసి చూశాడు. "మీకు ఏది కావాలో చెప్పండి చాలు" అన్నాడు.

వెండి పువ్వులు చూసి అప్పలకొండకి నోరూరింది. కానీ సూరమ్మ గట్టిగా చెప్పేసింది. "దీనికి రెండు నోళ్ళయ్యా! మన నాలుగు నోళ్ళకే దిక్కు లేదు, ఇంకో రెండు ఎక్కడ మేపుతాం? ఒక్క నోరున్నదే తీసుకో." అంతే, చిన్న తుపాకే ఖాయమైంది. దారి తప్పి నడిచినా ఒక్కోసారి సరైన ఇంటికే చేరతారు ఇలాంటివాళ్ళు. రాజులమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

సాయిబు తేనె డబ్బా తీసుకుని రెండు పొట్లాలు చేతికిచ్చాడు. "మందూ గుండూ ఇందులో ఉన్నాయి. ముందు మందు, దానిమీద గుడ్డముక్క, ఆపైన గుండు. నోట్లో పెట్టి ఈ కడ్డీతో దట్టించాలి. నోరు ఎప్పుడూ మనుషుల వైపు పెట్టకండి, ఇది మాత్రం ప్రాణం మీదికొచ్చే మాట. వారం రోజులు ఉంచుకోండి. కాల్చి చూడండి. బాగుంటేనే మీది, లేదంటే తెచ్చిచ్చేయండి."

"కాల్చి చూడాలి" అన్నాడు అప్పలకొండ.

"కాల్చి చూడాలి" అన్నాడు పోలయ్య.

అయ్యో సాయిబూ, ఎవరితో ఏ మాటన్నావయ్యా!

ఇంటికొచ్చారు. వెనక్కి తన్నుతుందని నాయుడు తాత చెప్పాడు కదా, అప్పలకొండ ముందుగా తన్నే గేదెకి కట్టే తాడు తెచ్చి, తుపాకి మడమని రాటకి బిగించి కట్టాడు. సూరమ్మ దాని వీపు నిమురుతూ "హో, హో, బెదరకు తల్లీ" అంది. తర్వాత పొట్లాలు విప్పారు. ఒకదాంట్లో నల్లటి పొడి, ఇంకోదాంట్లో చిన్న చిన్న సీసపు పూసలు.

"పొడి మందు. ఈ గుండ్రటివి మాత్రలు. మరి గుండేదిరా?" అన్నాడు అప్పలకొండ.

అటూ ఇటూ దులిపారు. గుండు లేదు. "సాయిబు పెద్దాయన కదా, మరిచిపోయి ఉంటాడు. గుండుదేముంది, ఇక్కడే చేయించుకుందాం" అంది సూరమ్మ.

ముగ్గురూ పోలయ్య జుట్టు కేసి చూశారు. పోలయ్య కూడా చూద్దామనుకున్నాడు గానీ, తన జుట్టు తనకెలా కనిపిస్తుంది!

ఇంకేముంది, మంగలిని పిలిచి నున్నగా గొరిగించేశారు. చెయ్యి తిరిగి, గుండు మెరుస్తూ పోలయ్య వచ్చి తుపాకి ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. తుపాకి నోట్లో గుండు పెట్టాలి కదా! అప్పలకొండ వెనక నుంచి తోశాడు. పట్టలేదు. సూరమ్మ కాస్త నూనె రాసి తోసింది. పట్టలేదు. "కొద్దిగా లోపలికి పీల్చుకోరా" అన్నాడు అప్పలకొండ. పోలయ్య ఊపిరి బిగబట్టి పీల్చుకున్నాడు. అయినా పట్టలేదు. ఆ తుపాకిలో అప్పటికి ఏమీ లేదు కాబట్టి బతికిపోయాడు, లేకపోతే ఈ కథ ఇక్కడితో ఆపేసి మనం కూడా ఏడవాల్సొచ్చేది.

"చిన్నపిల్ల కదా, నోరు ఇంకా పెద్దది కాలేదు. ముందు మందు వేద్దాం, బలం వస్తాది" అంది సూరమ్మ. తాడు విప్పి, తుపాకిని ఒళ్ళో నిలబెట్టుకుని నల్లపొడి నోట్లో పోసింది. మూతి తుడుద్దామని గుడ్డముక్క పెడితే, అది చేయిజారి లోపలికి పోయింది. "పోనీలే, అరిగిపోతాది" అని ఆపైన మాత్రలు వేసింది. గొంతుకు అడ్డం పడకుండా పోలయ్య కడ్డీ పెట్టి నాలుగు పోట్లు పొడిచాడు. చూశారా చిత్రం! సాయిబు ఎలా చెప్పాడో అచ్చం అలాగే నిండింది తుపాకి. ఆ సంగతి వాళ్ళకి మాత్రం తెలీదు.

"ఇంక కాల్చి చూడాలి" అన్నాడు అప్పలకొండ.

పొద్దు వాలబోతుంటే తుపాకిని ఎత్తుకుని చేనుగట్టుకి పోయారు. ఎండు కంపా పిడకలూ పేర్చారు. రాజులమ్మ తుపాకిని గుండెకి హత్తుకుని వదల్లేదు. "అయ్యా, కాలిపోతాదేమో అయ్యా! కాల్చకుండా చూస్తే చాలదా?"

"చూసి కాల్చమనలేదే, కాల్చి చూడమన్నాడు. ముందు కాల్చాలి, తర్వాత చూడాలి. మాటంటే మాటే" అని అప్పలకొండ తుపాకి లాక్కున్నాడు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి. ఒక్క రోజన్నా భుజాన వేసుకోలేదు పాపం.

పిడకల మధ్య తుపాకి పడుకోబెట్టారు. నోరు మనుషుల వైపు పెట్టొద్దన్నాడు కదా, ఆ ఒక్క మాట మాత్రం ఆ ఇంటిని కాపాడింది. నోరు చేను వైపు తిప్పి, నలుగురూ వెనక కూర్చున్నారు. నిప్పు ముట్టించారు. మంట లేచింది. మడమ చెక్క చిటపటలాడింది.

"ఎలగుంది?" అన్నాడు పోలయ్య.

"బాగానే కాలుతోంది" అన్నాడు అప్పలకొండ.

సరిగ్గా అప్పుడే పందులు దిగాయి. ముందు ఒంటికోర పంది, వెనక దాని సంసారం అంతా. మంట చూసి ఒక్క క్షణం ఆగి, ఈ ఇంటివాళ్ళే కదా అని ధీమాగా ముట్టెలు మట్టిలో పెట్టాయి. ఒంటికోర పంది నమలడానికి నోరు తెరిచింది. ఇంకేముంది!

ఢాం!

కొండ దద్దరిల్లింది. పిడకలు ఆకాశానికి ఎగిరాయి. సీసపు పూసలు జివ్వుమని పందుల చెవుల పక్కనుంచి దూసుకుపోయాయి. ఒంటికోర పంది నోట్లో దుంప నోట్లోనే పెట్టుకుని తోకెత్తి పరుగు లంకించుకుంది. దాని సంసారం దాని వెనకే. ఒక కొండ దాటి, రెండో కొండ కూడా దాటేశాయని పశువులు కాసేవాళ్ళు తర్వాత చెప్పారు. పోలయ్య గుండు నిండా మసి. చెయ్యి ఏ అదురుకో టక్కుమని దాని చోటికి అదే తిరిగొచ్చేసింది.

"చెయ్యి తిన్నగా అయిపోయింది అన్నా! ఇంక నాకేటీ తెలీదు" అని లబోదిబోమన్నాడు.

మర్నాడు పొద్దున్నే కోటసంతకి పోయారు. సగం కాలిన తుపాకిని గోనెలో చుట్టి సాయిబు ముందు విప్పారు. "కాల్చి చూశాం సాయిబు గారూ. మడమ బాగా కాలింది. గుర్రం ఎర్రగా కాలింది. గొట్టం మాత్రం గట్టిది, ఎంతసేపు కాల్చినా కాలలేదు. మాకు నచ్చింది" అన్నాడు అప్పలకొండ.

 సాయిబు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "యా అల్లా! నిప్పులో పెట్టారా? అరె, కాల్చడమంటే నిప్పు పెట్టడం కాదయ్యా! నలభై ఏళ్ళలో ఇలాంటి మాట వినలేదు!"

"మరేటి?"

"భుజానికి ఆనించాలి. గురి చూడాలి. గుర్రం లాగాలి. ఢాం అనాలి! అదీ కాల్చడమంటే!" అని అరిచాడు. అరిచి అరిచి ఆయనకి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక చూస్తే, రాజులమ్మ ఓ మూల నిలబడి ఆ కాలిన చెక్కని పైటచెంగుతో తుడుస్తోంది. తుడుస్తూ వెక్కుతోంది.

ఆయన మనసు కరిగింది. గోడకున్న తుపాకి ఒకటి తీసి, నింపి, ఆ పిల్ల చేతికిచ్చాడు. దూరంగా పాకమీద గుమ్మడికాయ ఒకటి కాసి ఉంది. "దాన్ని కొట్టు చూద్దాం" అన్నాడు.

"కాయనా, తొడిమనా?" అంది రాజులమ్మ.

సాయిబు నవ్వాడు. ఆమె భుజానికి ఆనించింది, గురి చూసింది, గుర్రం లాగింది. ఢాం! తొడిమ తెగి కాయ దొర్లుకుంటూ వచ్చి సాయిబు కాళ్ళ దగ్గర ఆగింది. కాయకి గీత కూడా పడలేదు.

సాయిబు లోపలికి పోయి పాత కంబళిలో చుట్టిన తుపాకి ఒకటి తెచ్చాడు. చిన్నది, తేలికైనది, పట్టుకుని పట్టుకుని మడమ చెక్క నునుపు తేలింది. "మా అబ్బాజాన్ నాకు మొదట కొనిచ్చిన తుపాకి ఇది. నా చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి బిడ్డా. ఇది మంచి భుజం కోసమే కాచుక్కూర్చుంది. తీసుకుపో" అన్నాడు. "ఇంటికెళ్ళి కాల్చి..." అనబోయి గబుక్కున నాలిక కరుచుకున్నాడు.

వదిలిపెట్టే ముందు నలుగురినీ వరసగా నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాడు.

"ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కాల్చమన్నా ఏం చెయ్యాలి?"

"భుజానికి ఆనించాలి! గురి చూడాలి! గుర్రం లాగాలి!"

"నిప్పు?"

"జన్మలో ముట్టించం!"

తృప్తిగా పంపించాడు. దారిలో ఎవరో ఎరిగున్నాయన "చుట్ట కాలుస్తావా పోలయ్యా?" అని అడిగితే, "ఇప్పుడు వీలుకాదు బాబూ, తుపాకి పిల్ల చేతిలో ఉంది" అన్నాడు పోలయ్య. అక్కడితోనైనా మనకి అర్థం కావాల్సింది.

ఆ తర్వాత రాజులమ్మ రోజూ చేనుగట్టు మీద తుపాకితో కూర్చుంది. పందులు తిరిగి రాలేదు. పోయినది పోగా మిగిలిన చేను బాగా ఊరింది. దుంపలు తవ్వి చేలోనే కుప్ప పోశారు. ఎర్రటి కుప్ప, రాజులమ్మ నడుమెత్తు ఉంది. దాని చుట్టూ తిరిగి తిరిగి మురిసిపోయింది ఆ పిల్ల. నాయుడు తాత అటు పోతూ చూసి, "భేష్! కొత్త పంట, ముందో నాలుగు కాల్చుకు తినండర్రా" అని దీవించి పోయాడు.

మధ్యాహ్నానికి మేస్త్రి భూషణం బండి తోలుకుని దిగాడు. ఎర్ర చొక్కా, అదే పొట్ట. వచ్చి కుప్ప పక్కనే నిలబడ్డాడు. కుప్పని చూడగానే ఆయన ముఖం వాడిపోయింది. అయినా ఊరుకోకుండా అడిగాడు. "ఏం అప్పలకొండా, దుంపలు ఇంటికొచ్చాయా?"

అప్పలకొండ కుప్ప కేసి చూశాడు, ఇంటి కేసి చూశాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. "రాలేదు బాబూ. పొద్దున్నించీ చూస్తున్నాం. ఇక్కడే కూర్చున్నాయి, ఒక్కటీ కదలడం లేదు."

భూషణం ముఖం మళ్ళీ విప్పారింది. "మరి మాటేమైంది?"

"మాటంటే మాటే" అన్నాడు అప్పలకొండ.  "రాజులూ, బట్టలు మూట కట్టుకో తల్లీ."

పోలయ్య ఈసారి ఆ మాట రెండోసారి అనలేకపోయాడు. సూరమ్మ కుప్ప ముందు కూలబడి, "లేవండే తల్లుల్లారా! ఇంత కష్టపడి కాపాడిందే మిమ్మల్ని, రెండడుగులు వెయ్యలేరా!" అని దుంపల్ని బతిమాలింది. వీళ్ళని ఏమనాలో నాకు తెలీదు. ఆ పిల్లని తల్చుకుంటే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

రాజులమ్మ కన్నీళ్ళు తుడుచుకుంది. "సరే అయ్యా, పోతాను. పోయే ముందు మన దుంపలు కాల్చుకుని తింటాను. తాత కూడా చెప్పాడు కదా. ఆ ఒక్కటీ చెయ్యనీ."

"కాల్చు తల్లీ, కాల్చు" అంది సూరమ్మ వెక్కుతూ.

రాజులమ్మ పోయి తుపాకి తెచ్చింది. మందు పోసింది, గుడ్డ పెట్టింది, గుళ్ళు వేసింది, దట్టించింది. భుజానికి ఆనించింది. నోరు మనుషుల వైపు పెట్టకూడదు కదా, అందుకని ఎంతో మర్యాదగా చెప్పింది.

"మేస్త్రి గారూ, కొంచెం తప్పుకోండి. కాల్చాలి."

భూషణం ఉలిక్కిపడ్డాడు. "కా... కాల్చడమేమిటి? ఎవర్ని?"

సూరమ్మ ముక్కు చీదుకుంటూ కుప్ప వైపు చెయ్యి చూపించింది. "ముందు ఆ ఎర్రగా, లావుగా బలిసినదాన్ని కాల్చవే. అదైతే నలుగురికీ వస్తాది."

భూషణం తన చొక్కా కేసి చూసుకున్నాడు. తన పొట్ట కేసి చూసుకున్నాడు.

"తొక్క వలిచి కాలుద్దామా, తొక్కతోనే కాలుద్దామా?" అని అడిగాడు పోలయ్య.

అంతే! "బాబోయ్!" అని ఒక్క కేక. చెప్పులు వదిలేశాడు, బండి వదిలేశాడు, ఎడ్లనీ వదిలేశాడు. గట్లూ కంపలూ చూసుకోకుండా అడ్డంపడి పరుగెత్తాడు. ఒంటికోర పంది ఏ దారిన పోయిందో అదే దారి. మళ్ళీ ఆ ఊరి పొలిమేరలో ఎర్ర చొక్కా కనబడలేదు. ఎడ్లని నాయుడు తాత ఎవరి చేతనో తోలించాడట.

"పాపం, ఏటో పనున్నట్టుంది" అంది సూరమ్మ.

"ఆయన పోయాడు కాబట్టి నేను పోనక్కర్లేదా అయ్యా?" అంది రాజులమ్మ.

అప్పలకొండ ఆలోచించాడు. "ఆయన వెంట పంపుతానన్నాను. ఆయనే లేకపోతే వెంటెక్కడుంది? నువ్వు ఇక్కడే ఉంటావు. మాటంటే మాటే!"

"మాటంటే మాటే!" అని పోలయ్య ఎగిరి గంతేశాడు.

రాజులమ్మ కొండ కేసి చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అప్పుడు గురి చూసింది, గుర్రం లాగింది. ఢాం! కుప్ప మీద లావుపాటి దుంప సరిగ్గా నాలుగు ముక్కలైంది. మనిషికో ముక్క. సూరమ్మ పరుగున పోయి ఏరుకొచ్చి, ఉప్పు అద్ది అందరికీ పెట్టింది. నలుగురూ గట్టు మీద కూర్చుని కరకరా నమిలారు.

నమిలి నమిలి సూరమ్మ ముఖం చిట్లించింది. తన ముక్కని తీసుకెళ్ళి మళ్ళీ కుప్ప మీద పెట్టొచ్చింది.

"లోపల ఇంకా పచ్చిగానే ఉందే గుంటా! రెండో పక్క కూడా తిప్పి కాల్చు."